గిటార్ ఆంప్లిఫయర్‌కు సొంతంగా స్ప్రింగ్ రివర్బ్: స్ప్రింగు కన్నా ముందు చూసుకోవలసినది కాయిల్‌లో కరెంటు

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. మీ దగ్గర ఉన్నది రివర్బ్ (గదిలో మోగినట్టు వినిపించే ప్రతిధ్వని) లేని, ఎఫెక్ట్స్ లూప్ (బయటి పరికరాన్ని ఆంప్లిఫయర్ మధ్యలో కలిపే సాకెట్లు) కూడా లేని చిన్న ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్. దానికోసం ఇనుప సామాను కొట్లో దొరికే తలుపు స్ప్రింగులు రెండు కొని, ఒక చివర చిన్న స్పీకరు, రెండో చివర పియెజో బిళ్ల (కంపనాన్ని వోల్టేజీగా మార్చేది) అతికించి, స్పీకరును ఎల్ఎం386 అనే చిన్న ఆంప్లిఫయర్ ఐసీతో నడిపించారు. వచ్చిన శబ్దం రేకు డబ్బాలో మోగినట్టుంది, దానికి తోడు హమ్ (కరెంటు సరఫరా నుంచి వచ్చే గుంయ్‌మనే మోత) ఉంది. ఇప్పుడు మెరుగైన స్ప్రింగులు వెతకాలా, లేక తయారైన ట్యాంకు (స్ప్రింగులు, కాయిల్స్ అమర్చిన లోహపు పెట్టె) కొనాలా అని అడుగుతున్నారు.

ట్యాంకు కొనండి. మిగిలినదంతా, అంటే ట్యాంకును నడిపే సర్క్యూట్, దాని నుంచి వచ్చే సంకేతాన్ని పెంచే సర్క్యూట్, కలిపే భాగం, పవర్ సప్లై, పెట్టె, ఇవన్నీ మీరే చేయండి. రివర్బ్ బాగుండటం, బాగుండకపోవడం ఎక్కువగా తేలేది అక్కడే. మంచి ట్యాంకు కొని కూడా దాన్ని తప్పుగా నడిపి, స్ప్రింగుల మీద నింద వేసేవారిని చాలామందిని చూశాను.

తలుపు స్ప్రింగుతో ఎందుకు కుదరదో ముందు చెబుతాను. ట్యాంకులోని స్ప్రింగు గిటార్ తీగలా పైకీ కిందికీ ఊగదు. దాని చివర ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. కాయిల్ చుట్టిన ఇనుప రేకుల మధ్య ఖాళీలో ఆ అయస్కాంతం వేలాడుతూ, కాయిల్‌లో సంకేతం మారినప్పుడల్లా ఇటూ అటూ తిరుగుతుంది. తడి బట్టను పిండినప్పుడు పడే మెలి వంటిది స్ప్రింగు పొడవునా ప్రయాణించి, అవతలి చివర ఉన్న మరో అయస్కాంతాన్ని తిప్పి, అక్కడి కాయిల్‌లో వోల్టేజీ పుట్టిస్తుంది. మిగిలిన శక్తి వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకు వచ్చి, అలా రెండు మూడు సెకన్లపాటు ఆరిపోకుండా తిరుగుతుంది. ఇలా పనిచేయాలంటే స్ప్రింగు తీగ అర మిల్లీమీటరు కన్నా సన్నగా ఉండాలి, చుట్లు ఒకదానికొకటి తగలకూడదు, లాగుడు చాలా తక్కువగా ఉండాలి. తలుపు స్ప్రింగు బరువైనది, చుట్లు బిగుతుగా ఆనుకుని ఉంటాయి. స్పీకరు కోను దాన్ని మెలితిప్పదు, ముందుకు వెనక్కు తోస్తుంది. అందుకే మీకు ప్రతిధ్వనికి బదులు ఆ ఇనుము సొంతంగా మోగే మోత వినిపిస్తోంది.

పియెజో బిళ్ల విషయంలో మరొక చిక్కు ఉంది. 27 మిల్లీమీటర్ల సాధారణ బిళ్ల విద్యుత్పరంగా దాదాపు 20 నానోఫారడ్‌ల కెపాసిటర్ లాంటిది. దాన్ని 10 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్‌కు కలిపితే సుమారు 800 హెర్ట్జ్ కన్నా కింద ఉన్నదంతా తగ్గిపోతుంది. అదే 1 మెగా ఓమ్ ఇన్‌పుట్‌కు కలిపితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగుతుంది. డబ్బా శబ్దంలో సగం ఇక్కడి నుంచే వస్తూ ఉండవచ్చు. సరదాకు ఆ ప్రయోగాన్ని కొనసాగించాలనుకుంటే ముందు ఒక ఎఫ్ఈటీ (దాదాపు కరెంటు తీసుకోని ట్రాన్సిస్టర్) ఇన్‌పుట్ ఉన్న బఫర్ పెట్టి వినండి. విచిత్రమైన శబ్దాలకు అది పనికొస్తుంది, గిటార్ రివర్బ్‌కు మాత్రం పనికిరాదు.

ఇక ట్యాంకు ఎంపిక. ఈ నిర్మాణాన్ని ఇంటింటికీ చేర్చినది హామండ్ ఆర్గన్ కంపెనీ. టెలిఫోను లైన్లలో ఆలస్యాన్ని అనుకరించడానికి బెల్ ప్రయోగశాలల్లో వాడిన స్ప్రింగును హామండ్ తమ ఆర్గన్లలో ప్రతిధ్వని కోసం తీసుకుంది. గిటార్ వాయించేవారిలో దానికి పేరు తెచ్చినది ఫెండర్. 1961లో విడి పెట్టెగా, 1963లో వైబ్రోవెర్బ్ ఆంప్లిఫయర్ లోపల అమర్చి అమ్మింది. ఆ వంశం నుంచి వచ్చిన ట్యాంకులనే ఈనాడు దక్షిణ కొరియాలోని బెల్టన్ సంస్థ అక్యూట్రానిక్స్ పేరుతో తయారు చేస్తోంది. మాడ్ అనే పేరుతోనూ అవే కొలతలు, అవే కోడ్‌లతో దొరుకుతాయి. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో మీకు కావలసిన ఐసీలు, రెసిస్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతాయి కానీ ట్యాంకును బహుశా ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి. బరువు, సుంకం కలిస్తే ధర బాగా పెరుగుతుంది కాబట్టి తప్పు ట్యాంకు రాకుండా దాని కోడ్ చదవడం నేర్చుకోవడం అవసరం.

ఉదాహరణకు 4ఏబీ3సీ1బీ అనే కోడ్‌ను చూడండి. మొదటి 4 అంటే సుమారు 17 అంగుళాల పొడవు, రెండు స్ప్రింగు వరుసలు. 9 అయితే అదే పొడవులో మూడు వరుసలు, 8 అయితే తొమ్మిదింపావు అంగుళాల పొట్టి ట్యాంకు. రెండో అక్షరం ఇన్‌పుట్ కాయిల్ ఇంపెడెన్స్, అంటే మారే కరెంటుకు అది ఇచ్చే అడ్డంకి. నాలుగో రకంలో ఏ అంటే 8 ఓమ్‌లు, ఈ అంటే 600, ఎఫ్ అంటే 1475. మూడో అక్షరం అవుట్‌పుట్ కాయిల్, బీ అంటే 2250 ఓమ్‌లు. తరువాతి అంకె ఎంతసేపు మోగుతుందో చెబుతుంది, 1 తక్కువ, 3 ఎక్కువ. ఆ తరువాతి అక్షరం అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది. ఇన్‌పుట్, అవుట్‌పుట్ సాకెట్ల బయటి అంచు ట్యాంకు లోహానికి తగులుతుందా లేదా అన్నది అదే చెబుతుంది. సీ అంటే ఇన్‌పుట్ వేరుగా ఉంది, అవుట్‌పుట్ మాత్రమే లోహానికి కలిసింది. చివరి అక్షరం ట్యాంకును ఏ భంగిమలో బిగించాలో చెబుతుంది, బీ అంటే తెరిచిన వైపు కిందికి పెట్టి అడ్డంగా.

మీకు నా సూచన 4ఈబీ2సీ1బీ. అంటే 600 ఓమ్‌ల ఇన్‌పుట్, 2250 ఓమ్‌ల అవుట్‌పుట్, మధ్యస్థంగా మోగే పొడవాటి ట్యాంకు. పాత ఫెండర్ శబ్దం కావాలనుకునేవారు అలవాటుగా 8 ఓమ్‌ల ట్యాంకు కొంటారు. ఆ ట్యాంకును పాత ఫెండర్లలో వాల్వు (గాజు ట్యూబు), దాని వెనుక ట్రాన్స్‌ఫార్మర్ నడిపేవి కాబట్టి అది వాటికి సరిపోయింది. చిన్న ఆప్-ఆంప్ (సంకేతాన్ని పెంచే) ఐసీకి 600 ఓమ్‌లే అనుకూలం. పొట్టి ట్యాంకు చోటు కలిసొస్తుంది కానీ, పెట్టెలో స్థలం ఉన్నంతవరకు పొడవాటిదే తీసుకోండి. పొడవాటి ట్యాంకులోని రెండు స్ప్రింగుల్లో సంకేతం చేరే ఆలస్యం వేర్వేరుగా, ఒకదానిలో దాదాపు 33, మరొకదానిలో 41 మిల్లీసెకన్లు ఉంటుంది. ఆ తేడా వల్లనే ప్రతిధ్వనులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడకుండా చెదిరి, గదిలో విన్నట్టు నిండుగా వినిపిస్తాయి.

ట్యాంకు చేతికి రాగానే మల్టీమీటరుతో కొలవండి. 600 ఓమ్‌ల ఇన్‌పుట్ దగ్గర 58 ఓమ్‌లకు అటూ ఇటూ, 2250 ఓమ్‌ల అవుట్‌పుట్ దగ్గర 200కు అటూ ఇటూ చూపిస్తుంది. 8 ఓమ్‌ల ట్యాంకైతే ఒక ఓమ్ కూడా చూపించదు. అది చూసి కాయిల్ షార్ట్ అయిందనుకుని ట్యాంకును వెనక్కి పంపేవారున్నారు. కోడ్‌లో చెప్పే ఇంపెడెన్స్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర కొలిచినది, మీటరు చూపేది తీగ నిరోధం మాత్రమే. మీటరు ఏమీ చూపకపోతే, అంటే తీగ తెగినట్టు చూపితే, ముందు సాకెట్ నుంచి కాయిల్‌కు వెళ్లే వెంట్రుకంత తీగలను భూతద్దంతో చూడండి. ఎక్కువగా తెగేవి అవే, జాగ్రత్తగా సోల్డర్ చేస్తే బాగవుతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇన్‌పుట్ కాయిల్ ఒక ఇండక్టర్. 1 కిలోహెర్ట్జ్ దగ్గర 600 ఓమ్‌లు ఉన్న కాయిల్ 4 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 2400 ఓమ్‌లు అవుతుంది. అయస్కాంతాన్ని తిప్పేది కాయిల్‌లో ప్రవహించే కరెంటు, దాని మీద ఉన్న వోల్టేజీ కాదు. కాబట్టి సాధారణ ఆంప్లిఫయర్‌తో, అంటే స్థిరమైన వోల్టేజీతో నడిపితే, 1 నుంచి 4 కిలోహెర్ట్జ్‌కు వెళ్లేసరికి కరెంటు నాలుగో వంతుకు పడిపోతుంది. అది 12 డెసిబెల్స్ నష్టం. స్ప్రింగులు ఎలాగూ 4, 5 కిలోహెర్ట్జ్ దాటి పెద్దగా మోయవు. ఉన్న ఆ కాస్త పైభాగాన్ని కూడా మనమే కోసేస్తే మిగిలేది మూసుకుపోయిన, బురదలాంటి శబ్దం. మీ ఎల్ఎం386 నేరుగా ట్యాంకుకు కలిపినా జరిగేది ఇదే.

దీనికి పరిష్కారం కాయిల్‌ను ఆప్-ఆంప్ ఫీడ్‌బ్యాక్ దారిలో పెట్టడం. ఎన్ఈ5532 ఐసీలో రెండు ఆప్-ఆంప్‌లు ఉంటాయి, అందులో ఒక సగం తీసుకోండి. సంకేతాన్ని ప్లస్ ఇన్‌పుట్‌కు ఇవ్వండి. ఆప్-ఆంప్ అవుట్‌పుట్‌ను ట్యాంకు ఇన్‌పుట్ సాకెట్ మధ్య పిన్నుకు, ఆ సాకెట్ బయటి అంచును ఆప్-ఆంప్ మైనస్ ఇన్‌పుట్‌కు కలపండి. మైనస్ ఇన్‌పుట్ నుంచి గ్రౌండుకు 330 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. ఇప్పుడు ప్లస్ దగ్గర 1 వోల్టు ఉంటే, ఫ్రీక్వెన్సీ ఏదైనా కాయిల్‌లో సుమారు 3 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. 600 ఓమ్‌ల కాయిల్‌కు తయారీదారు సూచించే కరెంటు 3.1 మిల్లీ ఆంపియర్లే. సాకెట్ బయటి అంచు ట్యాంకు లోహానికి తగిలి ఉంటే ఆ 330 ఓమ్‌లు షార్ట్ అయిపోతాయి, సర్క్యూట్ పనిచేయదు. కోడ్‌లో ఆ సీ అక్షరం గురించి అంతగా చెప్పింది అందుకే.

కాయిల్‌కు సమాంతరంగా 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి తప్పకుండా పెట్టండి. వినికిడికి అందనంత పై ఫ్రీక్వెన్సీలలో కాయిల్ ఇంపెడెన్స్ విపరీతంగా పెరిగి ఆప్-ఆంప్ సొంతంగా ఊగిసలాడే అవకాశం ఉంది, ఈ రెసిస్టర్ దాన్ని అదుపులో ఉంచుతుంది. దానివల్ల 4 కిలోహెర్ట్జ్ దగ్గర పోయేది 1 డెసిబెల్ మాత్రమే. 3.1 మిల్లీ ఆంపియర్లు 4 కిలోహెర్ట్జ్ దగ్గర నెట్టడానికి కాయిల్ మీద దాదాపు ఏడున్నర వోల్టులు, శిఖరం లెక్కలో పదిన్నర వోల్టులు కావాలి. అందుకని సప్లై ప్లస్, మైనస్ 15 వోల్టులు ఉంటే మంచిది. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, 7812, 7912 రెగ్యులేటర్ ఐసీలు ఇప్పటికే మీ దగ్గర ఉంటే వాటితోనూ నడుస్తుంది, గట్టిగా మీటినప్పుడు పైభాగం కొంచెం ముందుగా చదునవుతుంది, అంతే. 9 వోల్టుల బ్యాటరీతో మాత్రం ఈ పని పెట్టుకోకండి.

8 ఓమ్‌ల ట్యాంకు ఎక్కడైనా చవకగా దొరికితే దాన్ని ఈ సర్క్యూట్‌కు కలపవద్దు. దానికి 28 మిల్లీ ఆంపియర్లు కావాలి, శిఖరం దగ్గర 40 వరకు. ఎన్ఈ5532 ఒంటరిగా అంత ఇవ్వలేదు. అప్పుడు బీడీ139, బీడీ140 ట్రాన్సిస్టర్ల జంటను ఫీడ్‌బ్యాక్ లోపలే బఫర్‌గా చేర్చాలి. లేదా మీ ఎల్ఎం386నే వాడి, దాని అవుట్‌పుట్ కెపాసిటర్ తరువాత, కాయిల్‌కు వరుసలో 68 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. 4 కిలోహెర్ట్జ్ దగ్గర కాయిల్ 32 ఓమ్‌లకు పెరిగినా, 68 ఓమ్‌ల ముందు దాని ప్రభావం తక్కువ కాబట్టి కరెంటు పదో వంతు మాత్రమే తగ్గుతుంది. అందం లేని పద్ధతే కానీ ఒక్క రెసిస్టర్‌తో ఇంత లాభం మరెక్కడా రాదు.

స్ప్రింగులకు తక్కువ స్వరాలు పంపకండి. లావు తీగల బేస్ మొత్తాన్నీ పంపితే కాయిల్ కోరు దానితోనే నిండిపోతుంది, ప్రతిధ్వని గుమ్మనే మోతగా మారి అసలు వాయిద్యాన్ని కప్పేస్తుంది. ఫెండర్ ట్విన్ రివర్బ్ వంటి ఆంప్లిఫయర్లలో రివర్బ్ వాల్వు ముందు 500 పికోఫారడ్‌లు, 1 మెగా ఓమ్ ఉంటాయి. ఆ రెండూ కలిసి సుమారు 320 హెర్ట్జ్ కింద కోసేస్తాయి. మనం డ్రైవర్ ముందు 22 నానోఫారడ్‌లు, 33 కిలో ఓమ్‌లు పెడితే ఆ హద్దు 220 దగ్గర ఉంటుంది. ఇంకా శుభ్రంగా కావాలంటే కెపాసిటర్‌ను 15 నానోఫారడ్‌లకు తగ్గించండి. ఈ వడపోతకు ముందు, గిటార్ సంకేతాన్ని ఇరవై రెట్లవరకు పెంచే ఒక దశ, దానిముందు ట్యాంకుకు ఎంత సంకేతం వెళ్లాలో నిర్ణయించే డ్వెల్ అనే పొటెన్షియోమీటరు ఉండాలి. 1961 నాటి ఫెండర్ పెట్టెలో 6కే6 అనే పెంటోడ్ వాల్వు ట్యాంకును నడిపేది. పెంటోడ్ స్వభావరీత్యా కరెంటు మూలానికి (స్థిరమైన కరెంటు ఇచ్చేదానికి) దగ్గరగా ఉంటుంది. డ్వెల్ పెంచి, అరచేత్తో తీగలను అణచి పొట్టిగా మీటినప్పుడు నీటిబొట్టు రాలినట్టు వచ్చే ఆ సర్ఫ్ సంగీతపు చప్పుడుకు ఇలాంటి డ్రైవ్ బాగా తోడవుతుంది. స్ప్రింగులో తక్కువ స్వరాలు ముందు, 4 కిలోహెర్ట్జ్ దగ్గరి స్వరాలు ఆలస్యంగా చేరడం ఆ చప్పుడుకు మూలం. మన సర్క్యూట్‌తోనూ అది వస్తుంది, డ్వెల్‌ను చివరిదాకా తిప్పకపోతేనే మరీ బాగా వస్తుంది.

ఆ వాల్వు సర్క్యూట్‌నే కట్టాలని ఉందని మీరు చివర్లో రాశారు. మొదటి ప్రయత్నంగా వద్దు. అక్కడ వాల్వుల మీద వందల వోల్టుల వోల్టేజీ ఉంటుంది, ప్లగ్గు తీసేసిన తరువాత కూడా కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుంది.

అవుట్‌పుట్ వైపు వచ్చేది కొన్ని మిల్లీ వోల్టులే కనుక నూరు రెట్లు పెంచాలి. దీనికి వేరే ఎన్ఈ5532 వాడండి, డ్రైవర్‌తో ఒకే ఐసీ పంచుకోవద్దు, మిగిలిన సగాన్ని ఊరకే వదలకుండా ఫాలోయర్‌గా (అవుట్‌పుట్‌ను మైనస్ ఇన్‌పుట్‌కు, ప్లస్‌ను గ్రౌండుకు కలిపి) కట్టేయండి. ట్యాంకు అవుట్‌పుట్‌ను నేరుగా ప్లస్ ఇన్‌పుట్‌కు ఇచ్చి, ఫీడ్‌బ్యాక్‌లో 100 కిలో ఓమ్‌లు, మైనస్ నుంచి గ్రౌండుకు 1 కిలో ఓమ్, దానికి వరుసలో 1 మైక్రోఫారడ్ పెట్టండి. ఆ కెపాసిటర్ 160 హెర్ట్జ్ కింద గెయిన్‌ను తగ్గిస్తుంది కాబట్టి 50 హెర్ట్జ్, 100 హెర్ట్జ్ హమ్ కూడా కొంత తగ్గుతుంది. 100 కిలో ఓమ్‌లకు సమాంతరంగా 330 పికోఫారడ్‌లు పెడితే సుమారు 4800 హెర్ట్జ్ పైన ఉండే బుస్సుమనే శబ్దం తగ్గుతుంది. స్ప్రింగులు ఆ పైన ఇచ్చేది ఏమీ లేదు కనుక నష్టం లేదు.

ట్యాంకు పెట్టాక కూడా హమ్ రావచ్చు. దానిలో ఎక్కువ భాగం సర్క్యూట్‌లో పుట్టదు, ట్యాంకు అవుట్‌పుట్ కాయిల్ దాన్ని గాలిలోంచి పట్టుకుంటుంది. నూరు రెట్లు పెంచే దశకు కట్టిన ఇండక్టర్, పక్కన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే ఇంకేం పట్టుకుంటుంది? పెట్టెలో ఏదీ బిగించకముందే, ట్యాంకుకు పొడవాటి తీగలు కట్టి, వాల్యూమ్ పెంచి, దాన్ని చేత్తో పట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ మెల్లగా తిప్పి చూడండి. కొన్ని భంగిమల్లో హమ్ గట్టిగా వస్తుంది, ఒకచోట దాదాపు మాయమవుతుంది. అవుట్‌పుట్ కాయిల్ ఉన్న చివర ట్రాన్స్‌ఫార్మర్‌కు వీలైనంత దూరంగా ఉండేలా ఆ చోటుననుసరించి పెట్టెను గీసుకోండి. ట్యాంకు లోహం అవుట్‌పుట్ సాకెట్ ద్వారా మాత్రమే గ్రౌండు కావాలి, బిగించే స్క్రూలు లోహపు పెట్టెకు మరో దారి ఇస్తే గ్రౌండ్ లూప్ ఏర్పడుతుంది. అందుకే రబ్బరు గ్రోమెట్లు వాడండి. అవి కంపనాన్ని కూడా ఆపుతాయి. ట్యాంకు స్పీకరు పెట్టె లోపల ఉంటే గ్రోమెట్లు ఉన్నా ఒక్కోసారి ఊళ పెడుతుంది, విడి చెక్కపెట్టె మేలు. 230 వోల్టుల వైపు ఫ్యూజు, మూడు పిన్నుల తీగ, లోహపు భాగాలకు ఎర్త్ తప్పనిసరి. ఈ మూడూ లేకుండా దాన్ని ప్లగ్గులో పెట్టవద్దు.

కట్టేటప్పుడు అవుట్‌పుట్ దశతో మొదలుపెట్టండి. అది పూర్తికాగానే ట్యాంకు కలిపి, స్ప్రింగును పెన్సిలు మొనతో తాకితే పెద్ద ఉరుము వినిపించాలి. తరువాత డ్రైవర్ కట్టి, ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 300 నుంచి 4000 హెర్ట్జ్ వరకు పోనివ్వండి. 330 ఓమ్‌ల మీద వోల్టేజీ దాదాపు మారకుండా ఉండి, ఆప్-ఆంప్ అవుట్‌పుట్ దగ్గర మాత్రం పెరుగుతూ పోవాలి. దీనికి ఆసిలోస్కోప్ కావాలి, చవక మల్టీమీటర్లు ఏసీని కొన్ని వందల హెర్ట్జ్ దాటి సరిగా చూపవు, వాటిని నమ్మి సర్క్యూట్‌ను అనుమానించకండి.

కలిపే భాగం సులభం. గిటార్ నేరుగా వచ్చే చోట 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉండేలా టీఎల్072 అనే ఆప్-ఆంప్ ఐసీతో ఒక బఫర్ పెట్టండి. అక్కడి నుంచి ఒక దారి మార్పు లేకుండా మిక్సర్‌కు, మరొకటి డ్వెల్ మీదుగా ట్యాంకుకు వెళ్లాలి. టీఎల్072 రెండో సగాన్ని మిక్సర్‌గా వాడి, ట్యాంకు నుంచి తిరిగి వచ్చే దారిలో మాత్రమే 50 కిలో ఓమ్‌ల కంట్రోలు పెట్టండి. అప్పుడు రివర్బ్ పూర్తిగా తగ్గించినా అసలు గిటార్ స్థాయి మారదు.

మీ ఆంప్లిఫయర్‌కు లూప్ లేదు కనుక ఈ పెట్టె గిటార్‌కూ ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌కూ మధ్య ఉంటుంది. 1961 నాటి విడి పెట్టెనూ అలాగే వాడేవారు, అందులో లోపమేమీ లేదు. కానీ ఆంప్లిఫయర్ గెయిన్ పెంచి డిస్టార్షన్ తెచ్చారంటే, రివర్బ్ తోక కూడా అసలు స్వరంతో సమానంగా పెరిగి అంతా కలగాపులగం అవుతుంది. కాబట్టి ఆంప్లిఫయర్‌ను శుభ్రమైన ఛానెల్‌లోనే ఉంచి, డిస్టార్షన్ కావలసినప్పుడు పెడల్‌ను ఈ పెట్టెకు ముందు కలపండి. పెడల్ నుంచి వచ్చే సంకేతం గిటార్ కన్నా చాలా పెద్దది, అప్పుడు డ్వెల్‌ను సగానికి తగ్గించాలి.